గోడమీది గ్రుడ్లు – గృహస్థధర్మము

దసరాకు ముందో సంక్రాంతికి ముందో ఇంటికి వెల్ల వేయింపదలచిన గృహస్థుడు చూరు క్రిందను, కిటికీ మూలలయందును, పంచలోని స్తంభముల వెనుకను పరికించి చూచినచో, ఏదో యొక పురుగు పెట్టిపోయిన గ్రుడ్లు గుంపుగా అంటుకొని యుండుట కాననగును. గోకి పారవేయుటకు కత్తి అంచు చాలును. కప్పివేయుటకు సున్నపు కుంచె ఒక్కసారి ఆడిన చాలును. పని యింత స్వల్పమగుటచేతనే ఇది ధర్మవిచారమునకు తగదని యెంచువారు పెక్కుమంది కలరు. కాని అహింస పరమధర్మమని నిత్యము పలుకు మనకు, చేతికందు దూరమున, పారిపోజాలని ప్రాణియెడ ఏమి చేయవలయునను ప్రశ్న చిన్నదని నేను తలపను.

గృహస్థజీవనము హింస లేక సాగదని మన ధర్మశాస్త్రకారు లెరుగుదురు. పొయ్యి, సన్నికల్లు, చీపురు, రోలు, నీళ్లకుండ అను నైదింటిని మనువు పంచసూనలని, అనగా ఇంటనే యున్న వధస్థానములని పేర్కొని, తద్దోషపరిహారమునకై పంచమహాయజ్ఞములను విధించెను; అందు భూతయజ్ఞమున పురుగులకును అన్నభాగము కలదు. ఎంతయు ఉదాత్తమైన భావన! అయినను అది గోడమీది గ్రుడ్లకు వర్తించునా? పొయ్యిలో పడిన చీమను, రోకటి క్రింద నలిగిన పురుగును మనము చూడకయే చంపుచున్నాము. గ్రుడ్లనన్ననో, చూచి, గ్రుడ్లని యెరిగి, తీసివేయ నిశ్చయించుకొని మరీ తీసివేయుదుము. తెలియక జరిగినదానికి చెప్పిన పరిహారమును, తెలిసి చేయబోవుదానికి ముందుగా చెల్లించిన మూల్యముగా భావించువాడు శాస్త్రమును అడ్డుపెట్టుకొనుచున్నాడని నా యభిప్రాయము.

పూర్వులు ప్రాణులను జరాయుజములు, అండజములు, స్వేదజములు, ఉద్భిజ్జములు అని నాలుగు తెగలు చేసిరి. మనుస్మృతి పక్షులను, సర్పములను, మత్స్యములను అండజములలో చేర్చి, దోమలను, పేలను, ఈగలను, నల్లులను స్వేదజములలో చేర్చినది. పాశ్చాత్యదేశములయందును ఇట్టి విశ్వాసమే చిరకాలము నిలిచి, 1668లో ఇటలీ దేశీయుడగు ఫ్రాన్సిస్కో రెడి మాంసఖండములను కొన్నిటిని మూసియు, కొన్నిటిని తెరచియు ఉంచి, ఈగ వాలని మాంసమున పురుగు పుట్టదని చూపిన పిదప సడలసాగినది. తేమనుండి, చెమటనుండి తల్లిలేక పుట్టినదను ప్రాణియెడను, ఒక తల్లి చోటు వెదకి, వాన తగులని మూల నెన్నుకొని అంటించిపోయిన ప్రాణియెడను మనకు కలుగు భావము ఒక్కటి కాదు. గోడమీది గ్రుడ్డును కన్నులార చూచినవానికి ఆ పాత విభజన చాటున దాగుట యిక సాధ్యము కాదు.

అట్లని తల్లి యనగానే కరిగిపోవుటకు ముందు కందిరీగ మట్టిగూటిని విప్పి చూడవలెను. గోడ గోకుచుండగా రాలిన గూటి నొకదానిని నేను అరచేత నుంచుకొని చూచితిని. ఎండిన మట్టి గదులు; ఒక గదిలో చిన్నచిన్న సాలెపురుగులు క్రిక్కిరిసి యున్నవి; తాకగా ఒకదాని కాలు మెల్లగా కదలినది; మరియొకదాని పొట్ట నంటి నూకగింజంత తెల్లని గ్రుడ్డు. కందిరీగ సాలెపురుగులను కుట్టి, చావనీయక, కదలనీయక గూట చేర్చి, గ్రుడ్డు పెట్టి, మట్టితో మూసి, మరల తిరిగి చూడక పోవును. గ్రుడ్డునుండి వచ్చిన పిల్ల ఆ సజీవాహారమును తిని పెరుగును. ఇట్టి గూటిని చూచియే కాబోలు మన వేదాంతులు, తుమ్మెద కుట్టిన కీటకము దానినే ధ్యానించి తుమ్మెద యగునట్లు జీవుడు బ్రహ్మమును ధ్యానించి బ్రహ్మమే యగునని భ్రమరకీటన్యాయమును చెప్పిరి. ఉపమానము వీగినంత మాత్రమున సిద్ధాంతము వీగదు. అయినను ఆ చీకటిగదిలో ముక్తి పొందినది కీటకము కాదని మనము మరువరాదు. గూటిని పగులగొట్టినను ఆ సాలెపురుగులు బ్రతుకవు, విడిచినను బ్రతుకవు. ప్రకృతియే యిట్లు నడచుచుండగా మనకేల యీ మీమాంస యని కొందరందురు. నేను సమ్మతింపను. కందిరీగకు వేరు దారి లేదు, మనకు కలదు, ధర్మప్రశ్న పుట్టుట అక్కడనే.

భారతమున మాండవ్యుడు చేయని దొంగతనమునకు కొఱ్ఱునెక్కి, కారణమేమని ధర్ముని అడుగగా, బాల్యమున నీవు పురుగులను గడ్డిపరకతో గ్రుచ్చితివి, దాని ఫలమిదియని బదులు వచ్చినది. అల్పదోషమునకు ఇంత దండనయా యని ముని కినిసి, ధర్ముడు విదురుడై పుట్టునట్లు శపించి, పదునాలుగేండ్ల లోపు చేసినది పాపము కాకుండునట్లు మర్యాద ఏర్పరచెను. గ్రుచ్చుట దోషము కాదని మాండవ్యుడు వాదింపలేదు. కొలత తప్పినదని మాత్రమే వాదించెను.

కొలత మాట వచ్చినపుడు దోమను గూర్చి చెప్పక తప్పదు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్న తరువాత, నిలువనీటిలోని దోమగ్రుడ్లను ఉపేక్షించుట పొరుగింటి పసిబిడ్డ ప్రాణమును పణముగా పెట్టుటయే. పెరటి తొట్టి లోపల, నీటి అంచునకు కొంచెము పైగా నల్లని చుక్కలుగా కనబడునవి కొన్ని జాతుల దోమలు పెట్టిన గ్రుడ్లు. తొట్టి యెండినను నెలల తరబడి చావక, మరల నీరు తగిలినపుడు పగులును. వానిని కొబ్బరిపీచుతో రుద్ది కడుగుటకు నేను సంకోచింపను. అయితే తొట్టికి గట్టిగా మూతవేసి యుంచినవానికి ఆ వధతో పనియే యుండదు. నీరు వడగట్టుకొని త్రాగు జైనుల శ్రద్ధ నాకు పూజ్యమగుట ఇందువలననే. గోడ పగుళ్లు పూడ్చుట, చూరు దులుపుట, రాత్రియెల్ల పంచలో దీపము వెలుగనీయకుండుట కూడ ఆ కోవలోనివే.

వర్షర్తువున పుట్టు జీవులను త్రొక్కకుండుటకై భిక్షువులు సంచారము మానుదురు. ఇల్లు విడువజాలని గృహస్థునకు అంతటి సౌలభ్యము లేదు గాని, కొంత అవకాశము కలదు. మట్టిగూటికి గుండ్రని రంధ్రము పడియున్నచో లోని ప్రాణి ఎగిరిపోయినది. గోకుటలో దోషము లేదు. మూసియున్న గూడు ఎవ్వరికి నపకారము చేయదు. దానిచుట్టు జానెడు గోడకు వెల్ల లేకున్న పండుగ ఆగదు. వెచ్చని దినములలో పెక్కు కీటకముల గ్రుడ్లు కొలది రోజులకే పగులును గనుక, ఆ పక్క గోడను చివరకు ఉంచుకొన్నను సరిపోవును.

పతంజలి హింసను తాను చేసినది, ఇతరులచే చేయించినది, చేయగా సమ్మతించినది అని మూడు విధములుగా చెప్పెను. నిచ్చెన యెక్కి గోకువాడు కూలికి వచ్చినవాడు. లోపల కూర్చుండి నేను చూడలేదనుట యజమానికి చెల్లదు. నిచ్చెన వేయకముందే తాను గోడల వెంట తిరిగి, దేనిని గోకవలయునో దేనిని విడువవలయునో అతనికి చూపి చెప్పవలెను. విడిచిన చోటికై అతడు మరల రావలసివచ్చినచో ఆ పూట కూలియు తానే యిచ్చుకొనవలెను.