కరుణకు దగ్గరి శత్రువు

నర్సింగ్ విద్యార్థుల ఒత్తిడిని గురించి రాసేవారు పరీక్షలు, నైట్ డ్యూటీలు, హాస్టల్ జీవితం వంటి కారణాలను ఏకరువు పెట్టి, ధ్యానమో ప్రార్థనో చేయమని సలహా చెప్పి ముగించడం పరిపాటి అయింది. దీనివల్ల మరుగున పడే ప్రశ్న ఒకటుంది: చదువుకునే వయసులోనే పరుల బాధను నిత్యం కళ్ళారా చూడవలసి వచ్చిన వ్యక్తి, ఆ బాధకు ఎంత చేరువగా, ఎంత ఎడంగా నిలవాలి? తొలి ఏట దీపం చేతబట్టి చేసే నైటింగేల్ ప్రమాణం 1893లో అమెరికాలోని డెట్రాయిట్‌లో రూపొందింది. అది పవిత్ర జీవనాన్ని, వృత్తినిష్ఠను, రోగి రహస్యాల గోప్యతను కోరుతుంది గాని, రోగి చనిపోయిన రాత్రి విద్యార్థి తన దుఃఖాన్ని ఏం చేసుకోవాలో చెప్పదు.

లాజరస్, ఫోక్‌మన్ అనే మనస్తత్వవేత్తలు 1984లో ప్రకటించిన సిద్ధాంతం ప్రకారం, పరిస్థితి తన శక్తిని మించిపోతున్నదని మనిషి వేసుకునే అంచనాలోనే ఒత్తిడి పుడుతుంది. దాన్ని ఎదుర్కొనే మార్గాలు ముఖ్యంగా రెండు, సమస్యనే మార్చడం, సమస్య రేపిన ఉద్వేగాన్ని అదుపు చేసుకోవడం. వార్డులో పనిభారం ఉండి నిర్ణయాధికారం లేని విద్యార్థికి మొదటి మార్గం చాలావరకు మూసుకుపోతుంది కనుక రెండోదే మిగులుతుంది, మతం ఎక్కువగా ప్రవేశించేదీ అక్కడే. అయితే ఆ ప్రవేశం ఎప్పుడూ మేలే చేస్తుందనడానికి లేదు. దైవం తోడున్నదనే భావన ఇచ్చే బలాన్నీ, దైవం తనను శిక్షిస్తున్నదనే భావన తెచ్చే కుంగుబాటునూ మనస్తత్వవేత్త కెనెత్ పార్గమెంట్ వేరువేరుగా గుర్తించాడు.

తెలుగునాట ఈ సందర్భంలో ముందుగా వినిపించేది గీతలోని నిష్కామకర్మ, అంటే ఫలంపై ఆసక్తి వదిలి కర్తవ్యాన్ని చేయడం. కాని వార్డులో ఫలం అంటే రోగి కోలుకోవడమే. దాన్ని కోరని నర్సును ఏ రోగీ కోరుకోడు. కాబట్టి ఇక్కడ విడిచిపెట్టవలసింది రోగి బాగుపడాలన్న కోరికను కాక, బాగుపడటమూ పడకపోవటమూ తన చేతిలోనే ఉన్నాయన్న కర్తృత్వ భావనను అని చెప్పుకోవడం సమంజసం. గ్రీకు స్టోయిక్ తాత్వికుడు ఎపిక్టెటస్ దుఃఖితుడి పట్ల పైకి సానుభూతి చూపమంటూనే, లోలోపల మాత్రం దుఃఖించవద్దన్నాడు. ఇది రాజసభలో పనికివస్తుందేమో గాని మంచం పక్కన నిలవదు, ఎందుకంటే నటించే సానుభూతిని రోగి ఇట్టే పసిగడతాడు.

ఈ విషయంలో అన్నిటికన్నా సూక్ష్మమైన విశ్లేషణ క్రీ.శ. 5వ శతాబ్దంలో శ్రీలంకలో బుద్ధఘోషుడు రచించిన విశుద్ధిమగ్గంలో కనిపిస్తుంది. మైత్రి, కరుణ, ముదిత, ఉపేక్ష అనే నాలుగు భావనలలో ఒక్కొక్కదానికి దూరపు శత్రువు, దగ్గరి శత్రువు ఉంటాయని ఆయన వివరించాడు. దూరపు శత్రువు స్పష్టంగా వ్యతిరేకమైనది కనుక దాన్ని గుర్తించడం తేలిక; దగ్గరి శత్రువు ఆ సద్గుణం వేషంలోనే వస్తుంది. కరుణకు దూరపు శత్రువు హింస, దగ్గరి శత్రువు శోకం. ఉపేక్షకు, అంటే సమచిత్తతకు, దగ్గరి శత్రువు అజ్ఞానంతో కూడిన పట్టనితనం. ఈ లెక్కన రోగితోపాటు కుమిలిపోయే విద్యార్థిని కరుణ నుంచి, కుమిలిపోకుండా ఉండటానికి మనసు మూసుకున్న విద్యార్థిని సమచిత్తత నుంచి జారిపోయారు, ఇద్దరూ మాత్రం ఆ గుణాలే తమకు అలవడ్డాయని నమ్ముతుంటారు.

ఈ రెండో జారుడును వ్యక్తి కన్నా సంస్థే ఎక్కువగా నేర్పుతుందని 1960లో మనోవిశ్లేషకురాలు ఇసబెల్ మెంజీస్ లండన్‌లోని ఒక బోధనాసుపత్రి గురించి ప్రచురించిన పరిశోధన చూపింది. ఏ నర్సూ ఏ ఒక్క రోగితోనూ ఎక్కువసేపు ఉండకుండా పనిని ముక్కలు చేయడం, రోగిని పేరుతో గాక మంచం సంఖ్యతోనో జబ్బు పేరుతోనో చెప్పడం, విద్యార్థులను తరచూ వార్డులు మార్చడం వంటి పద్ధతులు ఆందోళన నుంచి రక్షణగా ఏర్పడ్డాయని, అవి ఆందోళనను తగ్గించకపోగా పనిలోని తృప్తిని కూడా హరించాయని ఆమె వాదించింది. విద్యార్థులలో దాదాపు మూడోవంతు మంది శిక్షణ పూర్తి చేయకుండానే వెళ్ళిపోయేవారు. మన వార్డులలోనూ మంచం నంబరు పిలుపు వినిపిస్తూనే ఉంటుంది.

సిబ్బంది కొరతను విద్యార్థుల చేత పూడ్పించే ఆసుపత్రి, వారికే సమచిత్తతను బోధించే హక్కును ఎక్కడ నుంచి తెచ్చుకుంటుంది? గీతోపదేశం యుద్ధం నుంచి వైదొలగాలనుకున్నవాడిని కార్యోన్ముఖుణ్ణి చేయడానికి జరిగింది కాబట్టి, అన్యాయమైన డ్యూటీ పట్టికను మౌనంగా భరించమనడానికి దాన్ని సాక్ష్యంగా పిలవడం కుదరదు. డ్యూటీ ముగిశాక మరణించిన రోగి పేరు చెప్పుకుని, ఏం జరిగిందో, ఏం జరిగి ఉండవలసిందో అధ్యాపకురాలితో కలిసి మాట్లాడుకునే వ్యవధిని పట్టికలోనే చేర్చడం ధ్యానతరగతి కన్నా ముందు జరగవలసిన పని.