వాయిదా వేసిన మాట

మావారు ఉత్తర సముద్రంలో ఒక ఆయిల్ ప్లాట్‌ఫాం మీద పనిచేస్తారు. మూడు వారాలు అక్కడ, మూడు వారాలు ఇంట్లో. మేముండేది స్కాట్లండ్‌లోని అబర్దీన్‌లో. "ఒక్కదానివీ ఎలా ఉంటున్నావమ్మా?" అని ఇండియా నుంచి అడిగేవాళ్ళకి నా జవాబు ఎప్పుడూ సిద్ధమే. నాకూ ఉద్యోగం ఉంది, చిన్నపిల్ల ఉంది, దిగులు పడడానికి తీరికెక్కడిది? కానీ ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. సముద్రం మీద ఉన్న మనిషికి ఇంటి కష్టాలు ఎంతవరకు చెప్పాలి?

అక్కడి పని గురించి తెలిస్తే ఇది చిన్న ప్రశ్న కాదని మీకే అర్థమవుతుంది. రోజుకి పన్నెండు గంటల షిఫ్టు. చుట్టూ చమురు, గ్యాసు. రాకపోకలు హెలికాప్టర్‌లో, పొగమంచు పడితే అదీ ఉండదు. నీళ్ళలో బోర్లాపడిన హెలికాప్టర్‌లోంచి ఎలా బయటపడాలో ముందే శిక్షణ ఇచ్చి మరీ పంపిస్తారు. మనసు ఇంట్లో, చెయ్యి వాల్వు మీద ఉంటే ముప్పు ఆ ఒక్కరికే కాదు, పక్కవాళ్ళకీ. అందుకే నాకు తెలిసిన ఇల్లాళ్ళు చాలామంది ఫోన్లో మంచి మాటలే చెబుతారు.

నేనూ అంతే. జనవరి చలిలో బాయిలర్ ఆగిపోయినా, పిల్లకి జ్వరం వచ్చినా "అంతా బాగానే ఉంది" అంటాను. ఇది అబద్ధమా? ప్రాణం మీదికి వచ్చినప్పుడు బొంకవచ్చని శుక్రాచార్యుడు బలిచక్రవర్తికి చెప్పాడని భాగవతంలో ఉంది కదా అని సరిపెట్టుకోవచ్చు. కానీ బలి ఆ మాట వినలేదన్నది కూడా అందులోనే ఉంది!

మూడేళ్ళ క్రితం రాజమండ్రిలో మా మావగారికి గుండెనొప్పి వచ్చింది. అత్తగారు ఫోన్ చేసి, "వాడికి చెప్పకమ్మా. నీళ్ళ మధ్యన ఉన్నాడు. తెలిసి మాత్రం ఏం చేస్తాడు, బాధపడడం తప్ప?" అన్నారు. అది కన్నతల్లి ప్రేమే, సందేహం లేదు. కానీ "తెలిసి ఏం చేస్తాడు" అన్న మాట నాకు మింగుడుపడలేదు. బాయిలర్‌ని మెకానిక్ బాగుచేస్తాడు. తండ్రి కోసం కొడుకు పడాల్సిన బాధని ఇంకెవరు పడతారు? బాధపడడం కూడా మనిషి హక్కే.

చెప్పాను. ఆయన వెంటనే తన పై అధికారితో మాట్లాడారు. హెలికాప్టర్ వచ్చేదాకా ఆయనకి కాగితాల పని ఇచ్చారు. రెండురోజులు పొగమంచు. ఆ రెండురోజులూ ఆయన చేయగలిగింది తండ్రితో ఫోన్లో మాట్లాడడమే. మావగారు కోలుకున్నారు. అత్తగారు చాన్నాళ్ళు నాతో ముభావంగా ఉన్నారు. ఆయన కోలుకున్నారు కాబట్టి నేను చేసింది ఒప్పని అనడం లేదు. కోలుకోకపోయినా అది ఒప్పే.

ఈ సంగతి ఆ పనే నేర్పుతుంది. ఇక్కడికి దూరంగా సముద్రంలో పైపర్ ఆల్ఫా అనే ప్లాట్‌ఫాం ఉండేది. 1988 జులై 6న పగలు ఒక పంపు తాలూకు సేఫ్టీ వాల్వు తీశారు. ఆ మాట రాత్రి షిఫ్టు వాళ్ళకి చేరలేదు. వాళ్ళు అదే పంపు నడిపారు. 167 మంది చనిపోయారు. వాళ్ళ స్మారకం మా ఊరి హేజిల్‌హెడ్ పార్కులో ఉంది. విన్న మాట వల్ల చెయ్యి వణకవచ్చు. వినని మాట వల్ల చెయ్యి తప్పు మీట మీద పడుతుంది.

దాచడం ఒకవైపు నుంచే జరగదు. ఒకసారి హెచ్చరిక దీపం వెలిగి ఆయన హెలికాప్టర్ దారిలోంచి వెనక్కి తిరిగింది. ఆ సంగతి నాకు పదిరోజుల తర్వాత, కాఫీ తాగుతుండగా చెప్పారు. అప్పుడే ఇద్దరం కూర్చుని ఒక ఒప్పందానికి వచ్చాం. తల్లిదండ్రుల ప్రాణం, పిల్లకి ఆసుపత్రి, ఇద్దరం కలిసి తేల్చాల్సిన విషయం ఏదైనా అదే రోజు చెప్పాలి. మిగతావి ఇంటికొచ్చిన మొదటి సాయంత్రం ఒకరికొకరం అప్పజెప్పుకోవాలి, షిఫ్టు మారేటప్పుడు వాళ్ళు చేసినట్టే. వాయిదాకి గడువుంటుంది. దాచడానికి గడువుండదు.

ఈ నియమం అందరికీ కుదురుతుందని అనను. మా గోదావరి జిల్లాల నుంచి కువైట్‌కి ఇంటిపనికి వెళ్ళిన ఆడవాళ్ళు తల్లి పోయిందని తెలిసినా యజమాని ఒప్పుకోనిదే కదలలేరు. వాళ్ళకి కబురు చెప్పేవాళ్ళ గుండె బరువు నాకేం తెలుస్తుంది? అయినా ఒకటి మాత్రం అనగలను. కాపాడుతున్నామని ఒక్కొక్క మాటే దాచుకుంటూ పోతే, దూరాన ఉన్న మనిషి తన ఇంటికే డబ్బు పంపే చుట్టమైపోతారు. ఏది వాయిదా వేయాలో ఆ మనిషినే అడిగి తెలుసుకోవడం మన చేతుల్లో పనే. అదీ దగ్గరున్నప్పుడే.