కారే నూనె, చేయని కర్మ

చేసిన పనికి ఫలం ఉంటుందని అందరూ ఒప్పుకుంటారు. చేయకుండా వదిలేసిన పనికి ఉంటుందా? మన శాస్త్రాలు ఈ ప్రశ్నను యజ్ఞయాగాల సందర్భంలో చర్చించాయి. ఆసిఫాబాద్ పల్లెల్లో దిమ్మెల మీద వానకు తడుస్తూ నిలబడ్డ ట్రాన్స్‌ఫార్మర్ల దగ్గర కూడా దాన్ని అడగాలి. నిత్యకర్మ చేసినందుకు ప్రత్యేకంగా పుణ్యం రాదు, మానేస్తే మాత్రం ప్రత్యవాయం, అంటే దోషం అంటుకుంటుందని సంప్రదాయం. మరమ్మతు అచ్చంగా ఈ కోవకు చెందిన పని. నూనె కారకుండా ట్రాన్స్‌ఫార్మర్ మూత కింద బిగించే గ్యాస్కెట్ మార్చిన నాడు ఊళ్లో ఏ మార్పూ కనబడదు, బల్బు నిన్నటిలాగే వెలుగుతుంది. మార్చకపోయినా కొన్నాళ్లదాకా ఏమీ కనబడదు. చిక్కంతా అక్కడే ఉంది.

గ్యాస్కెట్ చెడి ట్రాన్స్‌ఫార్మర్ నూనె కారితే పైనుంచి మళ్లీ పోస్తే సరిపోతుందన్న మాట తరచూ వినిపిస్తుంది. అది సగం నిజం కూడా కాదు. ఆ నూనె కాయిళ్ల వేడిని బయటికి మోస్తుంది, 11 కేవీ కరెంటు దారి తప్పకుండా అడ్డుగానూ నిలుస్తుంది. ఎండకు, మోటర్ల లోడుకు వేడెక్కి ఉబ్బుతుంది. సాయంత్రం వాన పడి చల్లబడగానే కుంచించుకుపోయి బయటి గాలిని లోపలికి లాగుతుంది. గాలి వచ్చే దారిలో బ్రీతర్ ఉన్నచోట ఆ గాలిలోని తేమను సిలికా జెల్ పట్టేస్తుంది. పొడిగా ఉన్నప్పుడు నీలంగా ఉండే గింజలు తేమ తాగి గులాబీ రంగుకు తిరుగుతాయి. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా తిర్యాణి, కెరమెరి వైపు అడవి అంచు ఊళ్లలో గాలికి ఆరే తీరికే ఉండదు, జెల్ త్వరగా అయిపోతుంది. పైమూత దగ్గర గ్యాస్కెట్ చెడితే తడిగాలి జెల్‌ను తాకకుండానే లోపలికి పోతుంది. కొత్త నూనె 2.5 మిల్లీమీటర్ల ఎడంలో కనీసం 30 కిలోవోల్టులను తట్టుకోవాలని ప్రమాణం. పది లక్షల్లో కొన్ని పదుల భాగాల నీరు చేరినా ఆ బలం తగ్గుతుంది. ఆ తేమలో ఎక్కువ భాగం చివరికి కాయిళ్లకు చుట్టిన కాగితంలో చేరుతుంది. నూనెను వడకట్టి, వ్యాక్యూమ్‌లో వేడిచేసి తేమ తీయొచ్చు. చివికిన కాగితానికి మాత్రం బలం తిరిగి రాదు.

ఇక్కడ బలమైన ఆక్షేపణ సాక్షాత్తూ శంకరులది. చేయకపోవడమంటే అభావం, అభావం నుంచి దోషమనే భావం ఎలా పుడుతుందని గీతాభాష్యంలో ఆయన నిలదీశారు. మరి ట్రాన్స్‌ఫార్మర్ కాలితే దాన్ని కాల్చింది తేమ, లోడు, పిడుగు. ఎవరూ ఏమీ చేయలేదు కదా! దీనికి నైయాయికుల, అంటే న్యాయశాస్త్ర పండితుల దగ్గర నాకు సమాధానం దొరికింది. నిప్పును అడ్డుకునే మణి దగ్గరుంటే నిప్పు కాల్చదని, తీసేస్తే కాలుస్తుందని ఉదాహరణ చెప్పి, ప్రతిబంధకం, అంటే అడ్డు, లేకపోవడం కూడా కారణసామగ్రిలో భాగమేనన్నారు వాళ్లు. కాల్చింది నిప్పే, అడ్డు లేకపోవడం దానికి దారి ఇచ్చింది. ఉత్త అభావం ఏదీ చేయదన్న శంకరుల మాటకు దీనితో భంగం లేదు. పొడి జెల్, బిగువైన గ్యాస్కెట్ తడిగాలికి ప్రతిబంధకాలు. వాటిని అక్కడ ఉంచే బాధ్యత ఒకరికి అప్పగించి ఉంది కాబట్టి, ఆ లేమి ఎవరికీ చెందని శూన్యం కాదు.

సిబ్బంది చాలరు, ఒక్కో లైన్‌మన్ కింద ఎన్నో ఊళ్లు, అన్నీ ఎలా చూస్తాడంటారు. న్యాయమైన మాట. జైమిని మీమాంసా సూత్రాల ఆరో అధ్యాయం దీన్ని ఆలోచించింది: ఫలం కోరి చేసే కర్మలో ఏ అంగమూ లోపించకూడదు, నిత్యకర్మను మాత్రం యథాశక్తి చేయవచ్చు, కొన్ని అంగాలు తగ్గినా అది చెల్లుతుంది. నూనె మొత్తం వడకట్టే యంత్రం రాకపోయినా గులాబీ జెల్‌ను మార్చవచ్చు. బోల్టులను ఒకే పక్క బిగించి గ్యాస్కెట్‌ను నలిపేయకుండా, ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించవచ్చు. అయితే ఆ శక్తి ఎంతో నిర్ణయించేది లైన్‌మన్ కాదు. గ్యాస్కెట్ల స్టాకు, జెల్ పద్దు, మనుషుల సంఖ్య పై ఆఫీసుల్లో తేలుతాయి. చేతిలో శక్తి ఉంచుకున్నవారికి యథాశక్తి మినహాయింపు లేదు. ట్రాన్స్‌ఫార్మర్ కాలిన రాత్రి ఆగిపోయేది రైతు మోటరు, చీకట్లో తడి నేల మీద ఫ్యూజు వేయడానికి ప్రాణాలకు తెగించి వెళ్లేదీ అతనే. లీకు రాసుకున్న తేదీకీ బాగుచేసిన తేదీకీ మధ్య గడిచిన రోజులకు జవాబు చెప్పాల్సింది ఆ ఆఫీసులే.