బొటనవేలి ముద్ర

ప్లాస్టిసిన్ మట్టితో చేసిన ఊరొకటి ఉండేది. ఇళ్ళూ వీధులూ చెట్లూ అన్నీ కలిపి ఒక బల్ల మీద పట్టేసేవి. ఆ ఊళ్ళో ముగ్గురు స్నేహితులు దెయ్యాల వేటే పనిగా తిరిగేవారు. లావుపాటివాడు వల మోసేవాడు. పొడుగుపాటివాడు లాంతరు పట్టేవాడు. వాళ్ళతో తిరిగే చిన్నపిల్ల, కంటబడ్డ వింతలన్నీ పుస్తకంలో రాసుకునేది.

వింతలు నిజంగానే జరిగేవి. కిటికీ గట్టు మీది కప్పు ఎవరూ ముట్టకుండానే పక్కకి జరిగేది. గడియ వేసిన తలుపు ఓరగా తెరుచుకునేది. కారణం బయటివాళ్ళకి తెలుసు. అది స్టాప్ మోషన్ సినిమా ఊరు. తెర మీద ఒక్క సెకనుకి 24 ఫ్రేములు కావాలి. ఫ్రేముకీ ఫ్రేముకీ నడుమ ఒక చెయ్యి వచ్చి, ఒకడి మోచేతిని ఆవగింజంత కదిపి, ఇంకొకడి కనుబొమని కాస్త పైకి నొక్కి తప్పుకుంటుంది. అప్పుడు కెమెరా క్లిక్‌మంటుంది. బొమ్మలకి తెలిసిన కాలమంతా ఆ క్లిక్కులే. నడుమ గంటలు గడిచిపోయినా అవి వాళ్ళ లెక్కలోకి రావు.

ఒక రాత్రి ముగ్గురూ కలిసి వీధంతా పిండి చల్లారు. తెల్లారి చూస్తే అడుగుల జాడ లేదు. పళ్ళెమంత అచ్చు ఒకటి పడి ఉంది, నిండా సుడులు తిరిగిన గీతలతో.

"ఒరేయ్, దొరికిపోయిందిరా!" అని గంతేశాడు లావుపాటివాడు.

ఆ గీతల్ని కాయితం మీదికి ఎక్కించుకుని ఇంటింటికీ వెళ్ళారు. రొట్టెలవాడి వీపు మీద అలాంటివే కనబడ్డాయి. "అయితే నువ్వేనన్నమాట" అని కొట్టు మూయించారు. ఊరి చివర ఒంటరిగా ఉండే ముసలామె బుగ్గ మీద ఇంకా స్పష్టంగా ఉన్నాయి. "నాకేం తెలీదు నాయనా" అని ఆమె మొత్తుకుంటున్నా వినకుండా బల్ల అంచుదాకా తరిమేశారు. ఊరంతా చప్పట్లు కొట్టింది. కప్పు మాత్రం మర్నాడూ జరిగింది.

ఆ సంగతి రాసుకుంటూ, వెలుతురు చాలక, "అన్నా, లాంతరు కాస్త ఇటు తిప్పు" అంది పిల్ల. పొడుగుపాటివాడు తిరిగాడు. అతని మెడ మీద అవే గీతలు. వల మోస్తున్నవాడి నుదుటి మీదా అవే. పిల్ల తన అరచెయ్యి తిప్పి చూసుకుంది. పెన్సిలు పక్కన పడేసి, "ముందు ముసలమ్మని తీసుకొద్దాం, పదండి" అంది.

నీతి: దెయ్యాన్ని వెతకబోయేవాడు ఎదుటివాడి ఒంటి మీది గుర్తు ఎంచే ముందు తన ఒళ్ళు తడుముకోవాలి. అప్పటికే ఎవరికైనా అన్యాయం చేసి ఉంటే వేట మానేస్తే సరిపోదు, వెళ్ళి వాళ్ళని వెనక్కి తీసుకురావాలి.

ఇది మట్టిబొమ్మలకి మాత్రమే చెప్పిన మాట కాదు. చేతబడి, బాణామతి చేస్తున్నారన్న అనుమానంతో తెలంగాణ పల్లెల్లో మనుషుల్ని చెట్లకి కట్టి కొట్టారు, మంత్రం చదవలేకుండా చేయాలని పళ్ళు ఊడగొట్టారు. ఊడిన పన్ను మళ్ళీ రాదు. ఆ వేటలో తన ఒళ్ళు తడుముకున్నవాడు ఒక్కడున్నా కొందరు బతికేవారు.

వేట తిరిగి వేటగాడి ఇంటికే చేరడం ఒక మట్టిబొమ్మల సినిమాలోనూ ఉంది. బ్రిస్టల్‌లోని ఆర్డ్‌మన్ స్టూడియో కోసం నిక్ పార్క్, స్టీవ్ బాక్స్ తీసిన 'వాలెస్ అండ్ గ్రామిట్: ది కర్స్ ఆఫ్ ది వేర్-రాబిట్' 2005లో వచ్చింది, మరుసటి ఏడు ఆస్కార్ గెలుచుకుంది. అందులో బొమ్మల మొహాల మీద పనివాళ్ళ వేలిముద్రలు కనబడుతూనే ఉంటాయి. ఆ సినిమా మీద నాకున్న ప్రేమలో సగం ఆ ముద్రలదే. కూరగాయల పోటీకి ముందు తోటల్ని మేసేస్తున్న రాక్షస కుందేలుని పట్టుకునే బాధ్యత వాలెస్, అతని కుక్క గ్రామిట్ నెత్తికెత్తుకుంటారు. గ్రామిట్ దాని అడుగుజాడలు పట్టుకుని పోతే అవి సొంత ఇంటికే, వాలెస్ పడగ్గదికే చేరతాయి. అక్కడ కొరికి పారేసిన కూరగాయల కుప్ప. గ్రామిట్ బొమ్మకి నోరు పెట్టలేదు. భయమూ బెంగా అంతా ఆ కనుబొమలోనే చూసుకోవాలి. అయినా అది పారిపోదు, మిత్రుణ్ణి పట్టివ్వదు. తుపాకీతో ఒక వేటగాడు, కుందేలుగా మారిన వాలెస్ వెంట పడ్డప్పుడు, పోటీకని గాజుగదిలో ప్రాణంగా పెంచుకున్న పేద్ద మారో కాయని ఎరగా పెట్టి వాలెస్‌ని కాపాడుకోవడానికి బయల్దేరుతుంది.