లోపల్నించి తెరుచుకునే తలుపు

ఆరేసిన బట్టలు మాట్లాడతాయి. ఈ సంగతి ఆడవాళ్లకి ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. దండెం మీది బట్టల్ని చూసి ఆ ఇంట్లో ఎంతమంది ఉన్నారో, పురిటి బిడ్డ ఉందో లేదో, ఎవరు ఊరెళ్లారో, ఎవరు బయట చేరారో వీధంతా చెప్పేయగలదు. అందుకే మన అమ్మలు బట్టలారేయడానికి కూడా ఒక పద్ధతి కనిపెట్టుకున్నారు. బయటికి కనపడేది చీర. చీర చాటున లంగా, తువ్వాలు చాటున లోపలి బట్టలు. ముట్టు గుడ్డలకైతే ఎండే లేదు. మంచం కిందో కొట్టుగది మూలనో, గాలీ వెలుతురూ లేని చోట అవి అరకొరగా ఆరేవి. వాటిని ఎండలో ఆరేయమని ఆరోగ్య కార్యకర్తలు ఎన్నిసార్లు చెప్పినా సిగ్గు ముందు ఆరోగ్యం ఓడిపోతూనే వచ్చింది. మనకి గోప్యత హక్కుగా రాలేదు. దాచుకోవాల్సిన బాధ్యతగా వచ్చింది.

ఇలాంటి మనకి, నాలుగు గోడల మధ్య ఒక పెట్టెలో బట్టలు ఆరిపోతాయంటే ఎంత హాయి! అమెరికాలో కూతుళ్ల పురుళ్లకి వెళ్లొచ్చిన నాతోటి వాళ్లందరూ మొదట మెచ్చుకునేది ఈ డ్రయ్యర్‌నే. అక్కడ చాలా కాలనీల్లో ఇంటి యజమానుల సంఘాలు బయట తాడు కట్టి బట్టలారేయడాన్ని నిషేధించాయి. పేదతనం కనపడుతుందని, ఇళ్ల విలువ పడిపోతుందని భయం. ఆ నిషేధాలు చెల్లవంటూ 2008లో కొలరాడో, 2009లో వెర్మాంట్, మెయిన్ రాష్ట్రాలు చట్టాలు చేయాల్సి వచ్చింది. ఎండలో బట్టలారేసుకోవడానికి కూడా చట్టం కావాలన్నమాట.

ఆ పెట్టెలో ఏం జరుగుతుందో చూద్దాం. వేడిగాలి తిరిగే డ్రమ్ములో బట్టలు దొర్లుతుంటే వాటినించి నూగు రాలుతుంది. అది జల్లెడలోనూ, గాలి బయటికి పోయే గొట్టంలోనూ పేరుకుంటుంది. ఎండిన నూగుకి వేడి తగిలితే మంటే. 2008 నించి 2010 దాకా లెక్కలు చూసి అమెరికా అగ్నిమాపక సంస్థ ఇచ్చిన అంచనా ప్రకారం అక్కడి ఇళ్లలో ఏటా సుమారు 2,900 డ్రయ్యర్ మంటలు, 5 మరణాలు, 100 గాయాలు, మూడున్నర కోట్ల డాలర్ల నష్టం. కారణాల్లో మొదటిది, 34 శాతం, ‘శుభ్రం చేయకపోవడం’. ఈ మాట దగ్గర నేను కాసేపు ఆగిపోయాను. ఎవరు శుభ్రం చేయకపోవడం? యంత్రం మనకి చాకిరీ తగ్గిస్తుందన్నారు. తగ్గించిన చాకిరీ స్థానంలో జల్లెడ దులపడం, గొట్టం చూసుకోవడం అనే కొత్త చాకిరీ పెట్టింది. అది చేయకపోతే ఇల్లు కాలుతుంది. ఇంటి యంత్రాలు స్త్రీల పనిగంటల్ని తగ్గించలేదని చరిత్రకారిణి రూత్ ష్వార్జ్ కోవన్ 1983లోనే ఒక పుస్తకం నిండా వాదించింది.

అయినా ఈ యంత్రంలోని రక్షణ ఏర్పాట్లంటే నాకు గౌరవం. తలుపు తీస్తే డ్రమ్ము ఆగిపోతుంది. మళ్లీ మూసినంత మాత్రాన తిరగదు, మీట నొక్కాలి. వేడి హద్దు దాటితే థర్మోస్టాట్ కోత పెడుతుంది. అదీ పనిచేయకపోతే థర్మల్ ఫ్యూజ్ తను కాలిపోయి యంత్రాన్ని ఆపుతుంది. డ్రమ్ములో రెండు లోహపు పట్టీలుంటాయి. తడి బట్ట వాటికి తగిలితే కరెంటు పారుతుంది, పొడి బట్ట తగిలితే పారదు. అలా బట్టలు ఆరాయో లేదో దానికి తెలుస్తుంది. వీటన్నిటిలో నాకు నచ్చిన గుణం ఒకటుంది. వీటికి వేడి తెలుసు, తడి తెలుసు, తలుపు తెలుసు. మనం తెలీదు. తలుపు తీసింది అత్తగారా కోడలా, రాత్రి రెండింటికా పగలు రెండింటికా అన్నది వాటికి అక్కర్లేదు. కాపాడతాయి, మర్చిపోతాయి.

వీటన్నిటికన్నా గొప్ప రక్షణ ఏర్పాటు చరిత్ర ఫ్రిజ్‌ది. పాత ఫ్రిజ్‌లకి బయటినించి గొళ్లెం ఉండేది. దాగుడుమూతలాడుతూ లోపల దూరిన పిల్లలు బయటికి రాలేక ఊపిరాడక చనిపోయేవాళ్లు. 1956లో అమెరికా ఒక చట్టం చేసింది. ఫ్రిజ్ తలుపు లోపల్నించి తోస్తే తెరుచుకోవాలి, అంతే. ఇవాళ మన ఫ్రిజ్ తలుపులకి గొళ్లేనికి బదులు అయస్కాంతపు పట్టీ ఉండటం వెనక ఆ పిల్లల చావులున్నాయి. డ్రయ్యర్ తలుపుకీ ఇదే సూత్రం. ఏ పిల్ల దూరుతుందోనని కెమెరా పెట్టలేదు, పిల్లల్ని లెక్కపెట్టలేదు. లోపల ఉన్నవాళ్ల చేతికి తలుపునిచ్చారు.

ఇప్పటి డ్రయ్యర్లు వైఫైకి కలుస్తాయి. మా అమ్మాయి ఇంట్లో ఉన్నది అలాంటిదే. నేను మధ్యాహ్నం బట్టలు వేసి, కునుకు తీసి లేచేసరికి ఆఫీసునించి ఫోన్. “అమ్మా, బట్టలు ఆరిపోయి గంటైంది, తియ్యలేదేం? ఒంట్లో బాలేదా?” నాకు నవ్వొచ్చింది. వెంటనే ఏదో ఇబ్బందిగానూ అనిపించింది. “నేను పడుకున్నానని నీకు యంత్రం చెప్పిందా?” అన్నాను. “నీ మంచికేనమ్మా, ఒక్కదానివే ఉంటావని” అంది. దాని ప్రేమలో నాకు సందేహం లేదు. కానీ ‘నీ మంచికే’ అన్న మాట మనం జీవితంలో ఎన్నిసార్లు, ఎవరెవరి నోట విన్నాం! మేడ మీదికెళ్లొద్దన్నది మన మంచికే. చీకటి పడకముందే హాస్టల్ గేటు మూసింది మన భద్రతకే. ఆ గేట్ల మీదే కదా 2015లో ఢిల్లీ విద్యార్థినులు ‘పింజ్రా తోడ్’ అంటూ తిరగబడింది.

ఇక్కడే నా అసలు ప్రశ్న. కాపాడటానికి చూస్తూ ఉండటం అవసరమా? కాపలా లేని రక్షణ ఉండదా?

కరెంటు వాడకాన్ని బట్టి ఇంట్లో ఏ యంత్రం ఎప్పుడు తిరిగిందో చెప్పొచ్చని 1980లలో కనిపెట్టిన వాళ్లలో ఎంఐటీకి చెందిన జార్జ్ హార్ట్ ముఖ్యుడు. దీన్ని నిఘాకి వాడే ప్రమాదం ఉందని 1989లో హెచ్చరిస్తూ రాసింది కూడా ఆయనే. గోడ బయట ఉన్న మీటరే లోపలి దినచర్య చెప్పగలిగినప్పుడు, లోపలి యంత్రమే నోరు విప్పితే చెప్పేదేముంది? 2001లో అమెరికా సుప్రీంకోర్టు కైలో కేసులో, వేడిని పసిగట్టే పరికరంతో పోలీసులు వారంటు లేకుండా ఇంటిని చూడటం తప్పంది. ఇంటి ఇల్లాలు రాత్రి ఏ వేళకి స్నానం చేస్తుందో కూడా ఆ పరికరం బయటపెట్టగలదని తీర్పు రాసిన జస్టిస్ స్కాలియా ఉదాహరణ ఇచ్చాడు. గోప్యత ఎంత పవిత్రమో చెప్పడానికి ఆయనకి స్నానం చేసే స్త్రీ కావాల్సి వచ్చింది! న్యాయశాస్త్ర ఆచార్యురాలు జీనీ సుక్ దీన్ని 2009లో ఒక వ్యాసంలో పట్టి చూపించింది. కాపాడుతున్నది ఆ స్త్రీనా, ఆమె ఉన్న ఇంటినా, ఆ ఇంటి యజమాని పరువునా?

మనలో చాలామందికి గోప్యత మాట ఎత్తగానే అనుమానం రావడం సహజం. ‘ఇంటి గుట్టు’ పేరుతోనే కదా దెబ్బలు తిన్న ఆడదాని నోరు నొక్కింది. ‘వ్యక్తిగతం కూడా రాజకీయమే’ అని మనం అన్నది ఆ తలుపు బద్దలు కొట్టడానికే. ఈ విషయంలో మన హైకోర్టు చరిత్ర గుర్తు చేసుకోవాలి. 1983లో టి. సరిత కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు జస్టిస్ పి.ఎ. చౌదరి, భార్యని కోర్టు ఉత్తర్వుతో కాపరానికి రప్పించే హిందూ వివాహచట్టం 9వ సెక్షన్ ఆమె గోప్యతకి విరుద్ధమని కొట్టేశారు. శరీరం ఆమెది, నిర్ణయం ఆమెది అన్నారు. కొద్ది నెలలకే ఢిల్లీ హైకోర్టు ఇంకోలా అంది. ఇంట్లోకి రాజ్యాంగాన్ని తేవడం గాజుసామాన్ల దుకాణంలోకి ఎద్దును తోలడం లాంటిదట! 1984లో సుప్రీంకోర్టు ఢిల్లీ వాదం వైపే మొగ్గింది. రెండు తీర్పుల్లోనూ గోప్యత ఉంది. ఒకదానిలో అది మనిషిది, రెండోదానిలో ఇంటిది. 2017లో పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు గోప్యత ప్రాథమిక హక్కేనన్నారు. స్త్రీలపై హింసని కప్పిపుచ్చే ముసుగుగా అది మారకూడదన్న స్త్రీవాద విమర్శని జస్టిస్ చంద్రచూడ్ తన తీర్పులో చర్చకి తెచ్చారు.

ఈ తేడా పట్టుకుంటే కొత్త యంత్రాల ప్రమాదం అసలు ఎటునించి వస్తుందో తెలుస్తుంది. మనం కంపెనీ గురించీ, సర్కారు గురించీ భయపడతాం. అది అవసరమైన భయమే. కానీ ఇల్లాలికి మొదటి ప్రమాదం ఇంట్లోనే. 2018లో ఇంగ్లండ్‌లో ఒకతను, ఇంట్లో లైట్లూ హీటరూ నడిపే గోడ టాబ్లెట్ ద్వారా విడిగా ఉంటున్న తన భార్య మాటలు విన్నందుకు పదకొండు నెలల జైలుశిక్ష పడింది. మన 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చూడండి. ఒక వ్యక్తి తన సొంత, గృహ అవసరాలకి వాడుకునే సమాచారానికి ఈ చట్టం వర్తించదని మూడో సెక్షన్ చెబుతుంది. మన ఇంటి ఫోన్‌బుక్కు మీద కేసులు పెట్టుకోకుండా ఉండటానికి అది కావాలి, ఒప్పుకుంటాను. కానీ భార్య ఎన్నింటికి లేచింది, ఎప్పుడు వంట మొదలుపెట్టింది, ఎంతసేపు ఇంట్లో లేదు అని భర్త యాప్‌లో చూసుకోవడం ‘గృహ అవసరం’ కాదా అంటే ఏం చెబుతాం? ఆమెకి 2005 నాటి గృహహింస చట్టం తలుపు ఉంది, అది మానసిక హింసని గుర్తించింది. కానీ మళ్లీ హింస అని నిరూపించాకే. చూడటమే ఒక హింస అని చెప్పుకోవడం ఎంత కష్టమో మన కౌన్సెలింగు కేంద్రాల్లో పనిచేసేవాళ్లకి తెలుసు.

ఇటువైపు వాదం కూడా తేలిగ్గా తీసేయదగ్గది కాదు. 2015లో బ్రిటన్‌లో ఒక కంపెనీ తన డ్రయ్యర్లు అంటుకునే ప్రమాదం ఉందని ప్రకటించింది. 2016 ఆగస్టులో పశ్చిమ లండన్‌లో షెపర్డ్స్ బుష్ దగ్గర ఒక బహుళ అంతస్తుల భవనం అలాంటి డ్రయ్యర్ వల్లే కాలింది. 2019లో వాటిని వెనక్కి తీసుకోవాల్సి వచ్చేసరికి లక్షల యంత్రాలు ఎవరి ఇళ్లలో ఉన్నాయో తెలీదు. అవన్నీ నెట్‌కి కలిసి ఉంటే ఒక్క సందేశంతో ఆపేయొచ్చుగా? ప్రాణం కన్నా గోప్యత ఎక్కువా?

ఎక్కువ కాదు. కానీ ఈ రెంటినీ తూకం వేయమనడమే నాకు అభ్యంతరం. ఆ ప్రాణాల్ని కాపాడటానికి కావాల్సింది ఒక చిరునామా. కొన్నప్పుడు ఒకసారి రాసిచ్చి, ప్రమాదమొస్తే వాడి, అక్కర్లేకపోతే చెరిపేసే చిరునామా. ప్రతి రోజూ ఎన్నింటికి బట్టలు తిప్పామో అక్కర్లేదు. వేడి పెరిగితే యంత్రం అక్కడే కూత పెట్టాలి. అది ఎవరికీ చాడీలు చెప్పక్కర్లేదు. ప్రాణం పేరు చెప్పి దినచర్య అడిగేవాళ్లని, చిరునామా సరిపోదా అని అడగడం మొండితనం కాదు, నీతి.

అందుకే ఏ రక్షణ ముందుకొచ్చినా నేను ఇప్పుడు ఫ్రిజ్ తలుపు ప్రశ్నే వేస్తున్నాను. దీన్ని లోపల ఉన్నవాళ్లు తెరవగలరా? ఆపగలరా? ఇది ఏం చూస్తోందో, ఎవరికి చెబుతోందో ఆమెకి తెలుసా? ఇల్లు ఎవరి పేరున ఉంది, పొలం పట్టా ఎవరి పేరున ఉంది అని మనం దశాబ్దాలుగా అడుగుతూ వచ్చాం. ఆ జాబితాలో యాప్ ఎవరి పేరున ఉంది, పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుంది అన్నవి కూడా చేర్చాలి. ఇప్పుడిప్పుడే మన నగరాల్లో కొత్త కాపరాలు పెట్టుకుంటున్న అమ్మాయిల ఇళ్లకి ఈ యంత్రాలు వస్తున్నాయి. వాటిని ఎవరో ఒకరు తమ ఫోన్లో నమోదు చేస్తారు. ఆ సాయంత్రం ఆ ఫోన్ ఎవరి చేతిలో ఉంటుందన్నది చిన్న విషయమని నేను అనుకోను.