పొయ్యి ప్రక్కనున్న పసివాడు

వంట చేయుచున్న తల్లి కొంగు పట్టుకొని రెండేండ్ల బిడ్డ ఏడ్చుట ప్రతి యింటను జరుగు సంగతియే. దానిని గూర్చి తాత్విక విచారమెందుకని చదువరులు అడుగవచ్చును. అయితే ఒక మనుష్యుని యెడల మనకుగల గౌరవము, అతడు మన పనికి అడ్డుపడిన క్షణముననే పరీక్షింపబడును. పసివానికంటె చిన్న మనుష్యుడు లేడు. అతనికంటె తరచుగా అడ్డుపడువాడును లేడు. కావున ఈ చిన్న సంగతిలో ఒక పెద్ద ప్రశ్న దాగియున్నది. మన చేతులు ఖాళీలేని వేళ, మన సమయము కోరుచున్న బలహీనునికి మనమేమి ఋణపడియున్నాము?

ఈ సందర్భమునకు తెలుగు భాషలో మూడు మాటలు కలవు. బిడ్డను మరపించుట మొదటిది, ఆడించుట రెండవది, తోడు చేసికొనుట మూడవది. మూడింటి ఫలము పైకి ఒకటిగానే కనబడును. ఏడ్పు ఆగును, అన్నము ఉడుకును. గాని ఆ మూడింటిలో బిడ్డ ఎవడుగా ఎంచబడుచున్నాడన్నది వేరువేరు. మరపించుటలో అతడొక అడ్డంకి. ఆడించుటలో అతడొక అతిథి. తోడు చేసికొనుటలో అతడు ఇంటివాడు.

ఢిల్లీలో యమునకు తూర్పుననున్న మయూర్ విహార్ వంటి చోట ఈ ప్రశ్న మరింత పదునుగా ఎదురగుచున్నది. 1980ల కాలము నుండి అచ్చట ఢిల్లీ అభివృద్ధి సంస్థవారి ఫ్లాట్లును, సహకార గృహనిర్మాణ సంఘముల మేడలును వెలసినవి. ఉద్యోగ నిమిత్తము దక్షిణము నుండి వచ్చిన కుటుంబములు వాటిలో కాపురమున్నవి. మన ఊళ్లలో పూర్వము పొయ్యి నేలమీద ఉండెడిది. తల్లి పీటపై కూర్చుండెడిది గనుక ఆమె చేతులు బిడ్డ కన్నుల యెత్తుననే ఆడుచుండెడివి. వసారాలో అమ్మమ్మయో, మేనత్తయో ఉండెడిది. ఫ్లాటులోని వంటగట్టు బిడ్డ తలకంటె ఎత్తున ఉన్నది. అది అతనిని నిప్పు నుండి కాపాడుచున్నది. ఆ మేలు చిన్నది కాదు. అయితే ఆ గట్టే తల్లి చేయు పనిని అతని కన్నులకు మరుగుచేసినది. కుక్కరు కూత వినబడును, పోపు వాసన తగులును, గాని కనబడునది చీరె కుచ్చెళ్లు మాత్రమే. ఎత్తుకొమ్మని బిడ్డ చేయు పేచీ అనేక పర్యాయములు ఆకలి వలన పుట్టినది కాదు. తనకు కనబడకుండ జరుగుచున్న దానిని చూడవలెనను కోరికయే ఆ పేచీకి మూలము.

ఇప్పుడు తల్లి పక్షమున న్యాయముగా మాటలాడవలెను. పగలంతయు కార్యాలయములో పనిచేసి, మెట్రో దిగి ఇల్లు చేరిన స్త్రీకి సాయంకాలము మిగిలినది కొద్ది గడియలే. పొయ్యిమీద నూనె కాగుచుండగా బిడ్డను కాళ్లయొద్దకు రానిచ్చుట ప్రేమ కాదు, ప్రమాదము. అట్టి సమయమున బిడ్డను ఏదో విధముగా ప్రక్కకు మరల్చుట తప్పని యెవరును తీర్పు తీర్చరాదు. మరపించుట ఎల్లప్పుడును మోసము కాదు. గాని దానికొక పరీక్ష కలదు. బిడ్డ క్షేమము కొరకు బిడ్డను మరపించుచున్నామా, లేక బిడ్డ యున్నాడన్న సంగతినే మనము మరచుటకు మరపించుచున్నామా? నూనె దించిన తరువాత మనము అతనియొద్దకు తిరిగి వెళ్లుదుమా?

ఈ దినములలో మరపించుటకు అన్నిటికంటె సులభమైన సాధనము సెల్‌ఫోను. అది బిడ్డ చేతికిచ్చిన మరుక్షణమే ఇల్లు నిశ్శబ్దమగును. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ప్రకటించిన సూచనలలో, రెండేండ్లు నిండని బిడ్డలకు తెర చూపుట తగదనియు, రెండు మొదలు నాలుగేండ్ల వారికి దినమునకు ఒక గంట మించరాదనియు, అంతకు తగ్గిన మరియు మంచిదనియు చెప్పబడినది. ఆరోగ్యము మాట అటుంచి, నీతి దృష్టితో చూచినను ఇందులో ఒక చిక్కు కలదు. తెర బిడ్డను పిలుచును గాని, బిడ్డ పిలిచిన పలుకదు. తల్లి గిన్నె కడుగుచునే “ఆఁ, నాన్నా” అనగలదు. ఆ ఒక్క పలుకు వలన తాను ఉన్నాడనియు, తన మాట ఒకరికి చేరుచున్నదనియు బిడ్డ తెలిసికొనును. తెర ఎదుట కూర్చున్న బిడ్డ నెమ్మదిగా ఉన్నాడనుకొందుము. ఆ నెమ్మది తృప్తి వలన కలిగినదో, పిలుచుట మానుకొన్నందున కలిగినదో మనకు వెంటనే తెలియదు.

ఆడించుట ఇంతకంటె మేలైనది. ఈ విషయములో మన పెద్దలు వివేకవంతులు. ఏటికొప్పాకలో అంకుడు కఱ్ఱను తరిణెపట్టి, లక్కరంగులు పూసి చేయు లక్కపిడతలు తెలుగు పిల్లలకు తరతరముల ఆటవస్తువులు. పొయ్యి, కుండ, గరిటె, అన్నియు చిటికెడంతవి. పిల్లలు ఉత్తుత్తిగా వండుకొను వంటకు మన భాషలో గుజ్జనగూళ్లని ఒక ముచ్చటయైన పేరే కలదు. పోతన కాలమునాటికే ఆ మాట కావ్యములలో కనబడుచున్నది. దీనినిబట్టి ఒక సంగతి గ్రహింపదగును. పెద్దల పనికి దూరముగా ఉంచినప్పుడు పిల్లలు ఏ ఆట ఆడిరి? ఆ పనినే ఆడిరి. వారు వంట నుండి విడుదల కోరలేదు, వంటలో పాలు కోరిరి.

ఇదే సత్యము మరియొక దేశమున, మరియొక విధముగా బయలుపడినది. 1907 జనవరి 6న రోమా నగరములోని సాన్ లొరెంజో పేటలో, పేద కార్మికులు నివసించు భవనమునందు పసిపిల్లల కొరకు ఒక గది తెరవబడినది. తలిదండ్రులు పనికి పోయిన వేళ పిల్లలు మెట్లను, గోడలను పాడుచేయుచున్నారని భవన యజమానులు వారినొక చోట చేర్చదలచిరి. అనగా వారు కోరినది పిల్లలను మరపించుటయే. ఆ పని చూచుటకు వచ్చిన వైద్యురాలు మరియా మాంటిస్సోరి. ఆమె పిల్లలను గమనించి, వారు ఖరీదైన బొమ్మలకంటె నిజమైన పనిని ఎక్కువగా ఇష్టపడుచున్నారని తెలిసికొన్నది. ఊడ్చుట, కడుగుట, తోటివారికి వడ్డించుట వారికి ఆటకంటె ప్రియమైనవి. గోడల కొరకు మొదలైన యేర్పాటు పిల్లల గౌరవమును గూర్చిన బోధగా మారినది. 1939లో ఆమె మద్రాసునకు వచ్చి, అడయారులో ఉపాధ్యాయులకు శిక్షణనిచ్చినది.

కాబట్టి మూడవ మాటకు వచ్చుచున్నాము. తోడు చేసికొనుట కష్టమైన విద్య కాదు. ఢిల్లీ చలికాలములో మెంతికూర కట్టలు సమృద్ధిగా దొరకును. పొయ్యికి దూరముగా, తల్లి కన్నుల యెదుట ఒక పీటవేసి, నాలుగు కాడలు బిడ్డ ముందుంచిన చాలును. ఆకు గిల్లుచు కూర్చుండును. అన్నిటిని నోట పెట్టుకొను వయస్సు గనుక బఠానీలు, శనగలవంటి గట్టి గింజలు ఇయ్యరాదు, గొంతునకు అడ్డుపడవచ్చును. ఒక గిన్నెడు నీళ్లు, ఒక గరిటె, మూతలు సరిపోవు రెండు డబ్బాలు ఇచ్చినను చాలును. పని ఆలస్యమగును, నేల తడియగును. ఆ ఆలస్యమే మనము చెల్లించు వెల. బిడ్డ గిల్లిన ఆకు కూరలో పడినప్పుడు అతడు ఆ భోజనములో పాలివాడగును.

పరిశుద్ధ గ్రంథ అనువాదములో పనిచేయువారికి సామెతలు ఎనిమిదవ అధ్యాయము ముప్పదియవ వచనము ఒక చిక్కు ప్రశ్న. దేవుడు లోకమును నిర్మించునప్పుడు జ్ఞానము ఆయన ప్రక్కన ఏమైయుండెనో తెలుపు హెబ్రీ పదము “ఆమోన్”. మన తెలుగు బైబిలు దానిని ప్రధానశిల్పి యనినది. పెంచబడు శిశువని అర్థము చెప్పు పండితులును కలరు. ఆ వాదము నేటికిని తీరలేదు. అయితే ఆ వెంటనే వచ్చు క్రియకు నవ్వుట, ఆడుకొనుట అను భావములు కలవు. రెండవ అర్థము ఒప్పుకొన్నచో, ఆకాశమును స్థిరపరచుచు, సముద్రమునకు మేర నియమించుచున్న వేళ సృష్టికర్త తన సన్నిధిలో ఆడుకొను శిశువును తొలగించలేదు. ఆ సన్నిధి ఆయన పనికి అడ్డు కాలేదు. లోకమంత పని చేయువానికి చోటున్నచో, ఒక పూట వంట చేయు మనకును కొంత చోటు ఉండవలెను.

ఈ ఋణము తల్లిది మాత్రమే కాదు. మార్టిన్ లూథరు 1522లో వివాహమును గూర్చి వ్రాయుచు, బిడ్డ గుడ్డలు ఉతుకు తండ్రిని లోకము పరిహసించినను, దేవుడు తన దూతలతో కూడ సంతోషించునని భావము వచ్చునట్లు చెప్పెను. అయిదు శతాబ్దములు గడచినవి. భార్య వంటగదిలోను, బిడ్డ ఆమె కాళ్లయొద్దను ఉండగా వార్తలు చూచుచు కూర్చున్న పురుషుడు, బిడ్డ ఎందుకేడ్చుచున్నాడని ఆమెను అడుగుటకు తగినవాడు కాడు.

ఇంకొక బిడ్డ మిగిలియున్నాడు. మయూర్ విహార్ వంటి పేటలలో అనేక యిండ్లకు వంట చేయుటకు జీతముపై వేరొక స్త్రీ వచ్చును. ఆమెకును పసివాడుండవచ్చును. మన బిడ్డను మనము దగ్గరనుంచుకొనుటకు వీలు కలిగించిన ఆమె, తన బిడ్డను ఎక్కడ ఉంచి వచ్చినది? 1969లో ఢిల్లీలో రాజఘాట్ సమీపమున గాంధీ శతజయంతి ప్రదర్శనశాల కట్టుచుండగా, కూలి తల్లుల బిడ్డలు దుమ్ములో పడియుండుట చూచి మీరా మహాదేవన్ అచ్చటనే ఒక డేరాలో శిశుసంరక్షణశాల నారంభించెను. మొబైల్ క్రెషెస్ అను సంస్థ అట్లు పుట్టినది. 2017లో ప్రసూతి ప్రయోజన చట్టమునకు జరిగిన సవరణ, యాభైమంది లేక అంతకు మించి పనివారున్న సంస్థలలో శిశుసంరక్షణశాల ఉండవలెనని విధించినది. ఏ వంటగదిలోను యాభైమంది పనిచేయరు. కాబట్టి చట్టము చేరని ఆ చోట మనస్సాక్షియే చట్టము కావలెను.

2023 జూలైలో ఢిల్లీయొద్ద యమున 208.66 మీటర్ల యెత్తునకు పొంగినప్పుడు, నది పల్లములో కూరగాయలు పండించు కుటుంబములు మయూర్ విహార్ రోడ్డంచున డేరాలలో తలదాచుకొనిరి. అట్టి చోట వండుకొను తల్లికి బిడ్డను మరపించు బొమ్మ లేదు, తోడుగా కూర్చుండబెట్టు గదియు లేదు. పసివానిని క్షేమముగా దగ్గర ఉంచుకొనగలుగుట ఒక నేర్పు మాత్రమే కాదు, అనేకులకు దొరకని ఒక భాగ్యము. దొరికినవారు దానిని సెల్‌ఫోనునకు అప్పగింపకుందురు గాక. దొరకని తల్లి తమ యింట పనిచేయుచున్నచో, ఆమె బిడ్డకు కూడ ఒక పీట వేయుదురు గాక.