పై పోర్షన్‌లో పిల్లులు

చింతలపూడిలో ఇల్లు అద్దెకి తీసుకున్నప్పుడు నన్ను ఐదు ప్రశ్నలు అడిగారు. ఒక్కదానివేనా? ఏం ఉద్యోగం? మీరేమిట్లు? చుట్టాలు ఎక్కువగా వస్తుంటారా? కుక్కలూ పిల్లులూ ఏమైనా ఉన్నాయా? ఐదింటికీ నిజమే చెప్పాను. ఆఖరిదానికి "లేవండి" అన్నాను. అప్పటికి లేవు కూడా. ఎనిమిది నెలలు తిరిగేసరికి ఆ జవాబు నా ప్రమేయం లేకుండానే అబద్ధమైపోయిందని చాలాకాలం నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను.

ఊరు తెలియనివాళ్ళకి రెండు మాటలు. 2022 ఏప్రిల్ దాకా పశ్చిమ గోదావరి జిల్లా, ఇప్పుడు ఏలూరు జిల్లా. ఒక రోడ్డు సత్తుపల్లి మీదుగా తెలంగాణలోకి పోతుంది. ఇంకోవైపు నూజివీడు మామిడి. నూజివీడు అన్నది ఒక ఊరి పేరే గానీ ఆ మామిడి నేల ఊరి పొలిమేర దగ్గర ఆగదు, విస్సన్నపేట, చాట్రాయి దాటి మా వైపుకీ వస్తుంది. మధ్యమధ్య పామాయిల్ తోటలు, వాటి నీడన కోకో. మా ఓనరు మామ్మగారికి ఓ చిన్న తోట ఉంది. ఏప్రిల్, మే నెలల్లో కింద ముందు గది మొత్తం వరిగడ్డి పరిచి చిన్నరసాలు మగ్గేస్తారు. ఆ వాసన మెట్లెక్కి నా పోర్షన్‌లోకి వచ్చేది. హైదరాబాదు నుంచి బదిలీ మీద వచ్చిన నాకు ఈ ఊరు నచ్చడానికి సగం కారణం ఆ వాసనే.

పిల్లులు దొరికింది సీజన్ అయిపోయాక, జూన్‌లో. బ్యాంకు నుంచి నడిచొస్తుంటే, మామిడికాయలు లోడెత్తే షెడ్డు వెనకాల ఖాళీ ప్లాస్టిక్ ట్రేలో రెండు పిల్లలు. తల్లి రోడ్డు మీద లారీ కింద పడి ఉంది. ఒకటి పచ్చగా ఉంటే చిన్నరసం అన్నాను. రెండోదాని ముక్కు కొంచెం వంకరగా ఉంది, మావైపు తోతాపురిని కలెక్టరు కాయ అంటారు కాబట్టి అది కలెక్టరు అయ్యాడు. ఒక్క రాత్రికి అనుకుని సంచిలో వేసుకుని పైకి తెచ్చాను. విశిష్టాద్వైతులు మార్జాల కిశోర న్యాయం అని ఒక పోలిక చెబుతారు. కోతిపిల్ల తల్లిని తనే గట్టిగా పట్టుకుంటుంది, పిల్లిపిల్ల ఏమీ చెయ్యదు, తల్లి నోట కరుచుకుని ఎటు తీసుకెళ్తే అటు. ఈ పోలిక భక్తుడి వైపు నుంచి చెప్పినంత తరచుగా తల్లి వైపు నుంచి ఎవరూ చెప్పరు. ఏమీ అడగని ప్రాణాన్ని ఎత్తుకున్నాక, ఎక్కడికి తీసుకెళ్తున్నావన్నది పూర్తిగా నీ లెక్క అయిపోతుంది.

నేను వాటిని రహస్యంలోకి తీసుకెళ్ళాను. ఒక్క రాత్రి వారమైంది, వారం నెలయింది. ప్రతిదానికీ ఒక పద్ధతి ఏర్పడింది. పాత బేసిన్‌లో ఇసుక, ఆ ఇసుకని రాత్రి తొమ్మిది దాటాక బియ్యం సంచిలో కట్టి కిందికి. తలుపు జానెడు కంటే ఎక్కువ తెరవకపోవడం. ఎండు మెత్తళ్ళు వేయించిన రోజు అగరొత్తులు. మా అమ్మ ఫోన్‌లో "కలెక్టరు తిన్నాడా?" అని అడిగేది, "తిన్నాడు, నిద్రపోతున్నాడు" అని నేను మెట్లమీద నిలబడి గట్టిగానే చెప్పేదాన్ని. వింటే ఏ పెళ్ళి సంబంధమో అనుకుంటారులే అని ధైర్యం. ఆపరేషన్లకి బస్సులో ఏలూరు తీసుకెళ్ళాను, మూత ఉన్న మామిడికాయల బుట్టలో. కండక్టరు "కాయలకి టిక్కెట్టక్కర్లేదులెండి" అన్నాడు.

ఇవన్నీ స్నేహితులకి చెబితే నవ్వుతారు. నేనూ నవ్వుతూనే చెబుతాను. చెప్పనిది ఒకటుంది. పిల్లికి కిటికీ కావాలి. వేపచెట్టు మీద ఉడుతలు కనపడే కిటికీ ఒక్కటే ఉంది నా పోర్షన్‌లో, అది వీధి వైపు. చిన్నరసం దాని మీదికెక్కిన ప్రతిసారీ నేను పేపరు చుట్టి గోడకేసి కొట్టేదాన్ని. దాన్ని కొట్టలేదు, గోడనే కొట్టాను. అయినా మూడు నెలలకి అది కిటికీ వంక చూడ్డం మానేసింది. అరవడం కూడా తగ్గింది. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతూ తననెవరూ చూడటం లేదనుకుంటుందని మన సామెత. మా ఇంట్లో కళ్ళు మూసుకున్నది నేను, దాక్కోవడం నేర్చుకోవలసి వచ్చింది పిల్లి.

ఒకసారి మామ్మగారు మెట్ల కింద నుంచి పిలిచారు. "అమ్మాయ్, పైన పిల్లి అరుస్తోందా?"

"ఫోన్‌లో వీడియో, మామ్మగారూ."

అంతే. "నా ప్రమేయం లేకుండా" అన్నది అక్కడితో అయిపోయింది.

ఆ రాత్రి నేను పెద్దవాళ్ళ సాయం వెతుక్కున్నాను. చదువుకున్నవాళ్ళు తప్పు చేసినప్పుడు చేసే పని అదే. పోతన భాగవతంలో శుక్రాచార్యుడు బలికి ఒక జాబితా ఇస్తాడు, ఎక్కడెక్కడ బొంకితే పాపం లేదో. ఆడవాళ్ళ దగ్గర, పెళ్ళిళ్ళలో, ప్రాణానికో ధనానికో మానానికో ముప్పొచ్చినప్పుడు, భయపడ్డ ఆవునీ బ్రాహ్మణుణ్ణీ కాపాడాల్సినప్పుడు. జాబితాలో ఆవుంది, పిల్లి లేదు, కానీ ప్రాణం ఉంది కదా అనుకున్నాను. భారతం కర్ణపర్వంలో కృష్ణుడు కౌశికుడనే తాపసి కథ చెబుతాడు. దొంగలు తరుముకొస్తుంటే కొందరు అడవిలో దాక్కుంటారు. వాళ్ళెటు పోయారని దొంగలడిగితే ఈయన సత్యవ్రతం కొద్దీ చూపిస్తాడు. వాళ్ళు చస్తారు, ఈయన నరకానికి పోతాడు. దాదాపు ఇదే సన్నివేశాన్ని 1797లో కాంట్ తీసుకుని సరిగ్గా తిరగేశాడు. స్నేహితుణ్ణి చంపడానికి వచ్చినవాడు గుమ్మంలో నిలబడి అడిగినా అబద్ధమాడే హక్కు లేదన్నాడు. నేను కృష్ణుడి పక్షం. చాలామంది అంతే అనుకుంటాను.

చిక్కేమిటంటే, మా మామ్మగారు దొంగ కాదు, హంతకురాలు కాదు. నిజం చెబితే ఆవిడ పిల్లుల్ని చంపదు, ఇల్లు ఖాళీ చెయ్యమంటుంది. పోయేది వాటి ప్రాణం కాదు. ఆరు వేల అద్దె, వేపచెట్టు గాలి, బ్యాంకుకి పది నిమిషాల నడక. శుక్రుడి జాబితా ఎంత ఉదారంగా ఉన్నా అందులో సౌకర్యం లేదు. ఇంకో సంగతి, ఆ జాబితా విని కూడా బలి ఆడిన మాట తప్పనన్నాడు. మనకి గుర్తుండేది మాత్రం శుక్రుడి పద్యం.

చట్టం దగ్గరికీ వెళ్ళాను. జంతు సంక్షేమ బోర్డు 2015లో ఇచ్చిన మార్గదర్శకాలు అపార్ట్‌మెంట్ సంఘాలు పెంపుడు జంతువుల్ని నిషేధించకూడదంటాయి. అవి సంఘాలతో మాట్లాడతాయి, సొంతింటి పై పోర్షన్ అద్దెకిచ్చుకునే మామ్మగారితో కాదు. పోనీ వదిలేసి పోతే? 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం, తిండికీ నీళ్ళకీ అల్లాడేలా జంతువుని వదిలెయ్యడం నేరం. మొదటిసారికి జరిమానా 10 రూపాయల నుంచి 50 రూపాయలు. మా వీధి చివర అట్ల బండి దగ్గర అంతకంటే ఎక్కువవుతుంది.

మా ఆఫీసులో ఒకాయన ఉన్నారు. ఆయన అనుమతితోనే రాస్తున్నాను, వివరాలు కొన్ని మార్చాను. ఆయన దళితుడు, క్రైస్తవుడు. మూడో ప్రశ్నకి అబద్ధం చెప్పి ఇల్లు తీసుకున్నారు. గోడకి ఓనరిచ్చిన వెంకటేశ్వరస్వామి క్యాలెండరు. ఆదివారం ప్రార్థనకి ఏలూరు వెళ్ళొస్తారు, ఊళ్ళో వెళ్తే ఎవరైనా చూస్తారని. బైబిల్ ఆఫీసు బ్యాగులో ఉంటుంది. నా పిల్లుల సంగతి తెలిసిన మొదటి మనిషి ఆయనే. ఒకరోజు టీ తాగుతూ నేను తెలివితక్కువగా "మనిద్దరం ఒకే పడవలో ఉన్నాం" అన్నాను.

ఆయన కోప్పడలేదు. "నువ్వు పిల్లిని దాచావు, నేను నన్ను దాచుకున్నాను," అన్నారు. కాసేపాగి, "మన నియోజకవర్గం ఎస్సీ రిజర్వుడే. ఎమ్మెల్యేగా చెల్లుతాం, పై పోర్షన్‌లో చెల్లం" అని నవ్వారు. ఆ తర్వాత అడిగారు: "నిన్ను కులం అడిగినప్పుడు చెప్పనని ఎప్పుడైనా అన్నావా?"

అనలేదు. నా జవాబు విన్నాక మామ్మగారు మంచినీళ్ళిచ్చారు.

ఈ దేశంలో కోర్టులు కూడా ఆయనకి పెద్దగా తోడు రావు. 2005లో అహ్మదాబాదులోని ఒక పార్శీ హౌసింగ్ సొసైటీ కేసులో, తమ మతంవాళ్ళకే సభ్యత్వం అన్న నియమం చెల్లుతుందని సుప్రీంకోర్టు అంది. ఇక ఒక పెంకుటింటి ఓనరు నోటితో అడిగే ప్రశ్న ఏ కోర్టుకి వెళ్తుంది? ఆయన అబద్ధం శుక్రుడి జాబితాలో నిజంగానే ఉంది, మానభంగం అన్నచోట. నాది లేదు. ఈ తేడా నాకు తెలిసింది అనుకున్నాను. కానీ నా మనసు ఒక దొంగదారి పట్టింది. ఆయన్ని వద్దనే నియమం మూఢత్వం. పిల్లి ఎదురొస్తే అపశకునం అనుకునే ఊళ్ళో పిల్లుల్ని వద్దనే నియమమూ మూఢత్వమే అయ్యుంటుంది. మూఢత్వాన్ని పాటించకపోవడం తప్పు కాదు. ఈ లెక్కతో మరికొన్ని నెలలు సుఖంగా నిద్రపోయాను. ఎందుకు వద్దంటున్నారని మామ్మగారిని ఒక్కసారీ అడగలేదు.

మరుసటి ఏప్రిల్‌లో ఆవిడే చెప్పారు. గడ్డి పరుస్తూ, మామూలుగా. "సెలవులకి మా మనవడొస్తున్నాడమ్మా. వాడికి ఆయాసం. బొచ్చు పడదు. అందుకే కుక్కనీ పిల్లినీ గుమ్మం తొక్కనివ్వను."

నేను "అయ్యో" అని పైకొచ్చాను.

ఈ మొత్తం కథలో నేను చేసిన అసలు తప్పు ఆ "అయ్యో". మిగతావాటికి ఏదో ఒక సర్దుబాటు ఉంది, దీనికి లేదు. ఆ రాత్రే ఫోన్‌లో వెతికి చదివాను. పిల్లి వల్ల వచ్చే ఎలర్జీకి ముఖ్యకారణం బొచ్చు కాదు, దాని లాలాజలంలోనూ చర్మంలోనూ ఉండే ఒక ప్రోటీన్. పిల్లి ఒళ్ళు నాక్కున్నప్పుడు బొచ్చుకంటుకుని, ఎండి, ధూళిలో కలుస్తుంది. బట్టల మీద ప్రయాణం చేస్తుంది, పిల్లి ఎన్నడూ అడుగుపెట్టని గదుల్లోనూ దొరుకుతుంది. పిల్లి వెళ్ళిపోయాక కూడా ఆ ఇంట్లో నెలల తరబడి ఉంటుంది. ఇదంతా చదివి నేను చేసిందేమిటంటే, మెట్లు తడిగుడ్డతో తుడిచాను. ఆఫీసు బట్టలు బీరువాలో విడిగా పెట్టాను. ఒక పసివాడి ఊపిరి గురించి వాళ్ళ నాయనమ్మకి తెలియకుండా నేనొక్కదాన్నే నిర్ణయం తీసుకుంటున్నానన్న సంగతి అప్పుడు తట్టలేదు. శుభ్రంగా ఉంటున్నానని మాత్రమే అనుకున్నాను.

పిల్లాడొచ్చిన మూడో రాత్రి కింద నెబ్యులైజర్ గుర్రుమంది. నాకు ముందు తోచిన ఆలోచన కూడా చెబుతాను: గదినిండా వరిగడ్డి ఉంది కదా, ఆ దుమ్ము చాలదూ? నిజమే కావచ్చు. పక్క దొడ్లో ఆకులు తగలబెట్టారు, అదీ కావచ్చు. కానీ ఆవిడకి ఆ మూడింటిలో రెండే తెలుసు. ఆవిడ లెక్కలోంచి ఒకదాన్ని నేను తీసేశాను. పొద్దున్నే దిగివెళ్ళి చెప్పాను.

మామ్మగారు మామిడికాయలు తిరగేస్తున్నారు. చాలాసేపు మాట్లాడలేదు. "పిల్లుల్ని పెంచావని కాదమ్మా," అన్నారు చివరికి. "పిల్లాడొస్తున్నాడని నీకు చెప్పాను కదా. అప్పుడైనా చెప్పొద్దూ?" నెలాఖరుకి చూసుకోమన్నారు. అడ్వాన్సు పైసాతో సహా ఇచ్చేశారు. పిల్లాడు రెండు రోజుల్లో తేరుకుని హైదరాబాదు వెళ్ళిపోయాడు, సెలవులు మిగిలుండగానే.

ఇక్కడ ఆవిడ తప్పు కూడా కొంచెం ఉందని ఇప్పటికీ అనుకుంటాను. ఇల్లున్నవాళ్ళు నియమం చెబుతారు, కారణం చెప్పరు, చెప్పక్కర్లేదు. అద్దెకొచ్చినవాళ్ళు కారణం అడగరు, అడిగితే ఇల్లు పోతుంది. కారణం లేకుండా వినిపించినప్పుడు ఆయాసం నియమమూ, మూఢనమ్మకం నియమమూ, కులం నియమమూ ఒకేలా ఉంటాయి. అన్నీ "మాకు పడదు" అనే. మైల అనుకునేవాడు కూడా తన ఇంటికి హాని జరుగుతోందనే నమ్ముతాడు. ఏది ఊపిరి, ఏది అహంకారం అని తేల్చాల్సింది ఎవరు? మా ఆఫీసాయన విషయంలో నాకు సందేహం లేదు, ఆయన ఉండటం వల్ల ఆ ఓనరు ఒంట్లో ఏదీ మారదు. కానీ ఆ సందేహం లేకపోవడాన్నే నేను అరువు తెచ్చుకుని నా పిల్లులకి కప్పాను. ఆయన ఇంకా ఆ క్యాలెండరు కిందే ఉంటున్నారు.

పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందంటారు. నాకు నాలుగిళ్ళు పట్టింది. ఈసారి గుమ్మంలోనే చెప్పేశాను. ఒకరు వాసనన్నారు, ఒకరు శకునమన్నారు, ఒకావిడ ఏమీ అనకుండా తలుపేసుకుంది. నాలుగోది పామాయిల్ తోట పక్కన. గెలలు పండితే ఎలుకలూ పందికొక్కులూ అక్కడే ఉంటాయి. ఓనరు నా మాట పూర్తిగా విని "రెండేనా?" అన్నాడు.

తర్వాత మీరేమిట్లమ్మా అనడిగాడు. చెప్పాను. తాళంచెవులిచ్చాడు.

ఆ సాయంత్రం కలెక్టరు వీధి కిటికీ ఎక్కి కూర్చున్నాడు. పరదా లాగుదామని సగం లేచి, మళ్ళీ కూర్చున్నాను. చిన్నరసం ఇంకా మంచం కిందే ఉంది.